మెయిళ్ళు వస్తాయి, పోవు

"నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్". విండోస్ మీద పనిచేసిన ప్రతి ఇంజనీరూ ఒక్కసారైనా ఈ కమాండు కొట్టే ఉంటాడు. సపోర్టు వాళ్ళు కొట్టమంటారు, కొడతాం, రీస్టార్టు చేస్తాం, ఒక్కోసారి నెట్ వచ్చేస్తుంది. ఎందుకొచ్చిందని అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 తో వచ్చింది ఈ కమాండు. అంతకుముందు పదేళ్ళ పాటు ఇళ్ళల్లో నడిచిన ఒక గొడవకి అది ఆలస్యంగా దొరికిన మందు. ఆ గొడవని జనం ఒకే మాటలో చెప్పేవాళ్ళు: "కొత్త ఇంటర్నెట్ సీడీ వేశాక మెయిలు పనిచేయట్లేదండీ".

ఇంత చిన్న విషయానికి చరిత్రేంటి అంటారేమో. ఉంది. పైగా ఆ చరిత్రలో మన ఇళ్ళల్లో వాళ్ళ ఉత్తరాలు కొట్టుకుపోయాయి. అందుకే రాయాలనిపించింది.

ఉదాహరణకి చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ తీసుకుందాం. నాకు బాగా తెలిసిన చోటు. త్యాగరాయ గానసభ, సిటీ సెంట్రల్ లైబ్రరీ, నారాయణగూడ వైఎంసీఏ, కాస్త ముందుకెళ్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్ళు. 90ల చివర్లో ఇక్కడ మన కథకి కావాల్సిన రెండు రకాల మనుషులూ పక్కపక్కనే ఉండేవాళ్ళు. ఒకరు రిటైరైన లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఏజీ ఆఫీసు వాళ్ళు. సొంత ఇల్లు, ల్యాండ్‌లైను, అమెరికాలో కొడుకో కూతురో. రెండోవారు అశోక్ నగర్ గదుల్లో ముగ్గురు నలుగురు కలిసి ఉండే కుర్రాళ్ళు. సగం మంది గ్రూప్స్‌కి చదువుతుంటే మిగతా సగం అమీర్‌పేటలో కోర్సు చేస్తూ రెజ్యూమెలు పంపేవాళ్ళు.

మొదటి రకం వాళ్ళకి మెయిలు అవసరం ఎందుకొచ్చిందంటే, ఐఎస్‌డీ అంత ఖరీదు కాబట్టి. విదేశీ కాల్స్ మీద విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్, అదే వీఎస్‌ఎన్‌ఎల్, గుత్తాధిపత్యం 2002 మార్చి 31 దాకా నడిచింది. నిమిషానికి పదుల రూపాయలు. "బావున్నావా, తిన్నావా, ఉంటా మరి" అనే లోపే బూత్‌లో ఎర్ర అంకెలు వంద దాటేవి. మెయిలైతే తీరిగ్గా రాయొచ్చు. అమ్మ చెప్తుంటే నాన్న టైపు చేసే ఉత్తరాలు అలా మొదలయ్యాయి.

మనదేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. వీఎస్‌ఎన్‌ఎల్ దాన్ని ముందు నాలుగు మహానగరాల్లో మొదలుపెట్టింది, ఆ తర్వాత మిగతా నగరాలకీ, మన హైదరాబాదుకీ వచ్చింది. 250 గంటల టీసీపీ/ఐపీ అకౌంటు ఒక వ్యక్తికి ఏడాదికి 15,000 రూపాయలు. విద్యార్థులకి 500 రూపాయల షెల్ అకౌంటు ఉండేది. దాంట్లో బొమ్మలుండవు, నల్ల తెర మీద అక్షరాలే. ఆ షెల్ అకౌంటులో మెయిలు చూసే ప్రోగ్రాము వీఎస్‌ఎన్‌ఎల్ సర్వరు మీదే నడిచేది. మీ ఇంట్లో ఉన్నది ఉత్త కీబోర్డూ, తెరా. చెడిపోవడానికి ఇంట్లో ఏమీ లేదు, కాబట్టి రిపేరూ లేదు.

గొడవంతా టీసీపీ/ఐపీ అకౌంట్లతో వచ్చింది. అప్పుడు మెయిలు ప్రోగ్రాము మన కంప్యూటర్లోకి దిగింది. మొదట్లో యుడోరా, నెట్‌స్కేప్. 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4తో పాటు అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఉచితంగా వచ్చాక దాదాపు అందరిదీ అదే. ఇంట్లోకి దిగిన ప్రోగ్రాముకి బయటి ప్రపంచంతో మాట్లాడే దారి ఒకటి కావాలి. విండోస్‌లో ఆ దారి పేరే విన్‌సాక్.

విన్‌సాక్ 1.1 నిర్దేశం 1993 జనవరిలో వచ్చింది. ఏ కంపెనీ నెట్‌వర్కు సాఫ్టువేరైనా సరే, ఏ మెయిలు ప్రోగ్రామైనా సరే, ఒకే భాషలో మాట్లాడుకోవాలన్నది దాని ఉద్దేశం. యూనిక్స్ సాకెట్లనే తెచ్చి విండోస్‌లో పెట్టారు. ఎంతగా తెచ్చారంటే, మనందర్నీ ఏడిపించిన 10060 ఎర్రర్ ఉంది కదా, అది బర్క్‌లీ యూనిక్స్‌లో టైమవుట్‌కి ఉన్న 60కి పదివేలు కలిపితే వచ్చిన అంకె. మంచి ఆలోచనే. కానీ ఒక చిక్కు మిగిలిపోయింది. భాష ఒకటే అయినా ఆ భాష మాట్లాడే ఫైలు ప్రతి కంపెనీదీ వేరు, పేరు మాత్రం అందరిదీ ఒకటే: విన్‌సాక్ డాట్ డీఎల్ఎల్. విండోస్ 3.1 కాలంలో టాస్మానియాకి చెందిన పీటర్ టాటమ్ రాసిన ట్రంపెట్ విన్‌సాక్ ప్రపంచమంతా వాడింది (డబ్బులు కట్టినవాళ్ళు మాత్రం చాలా తక్కువ, పాపం). విండోస్ 95లో మైక్రోసాఫ్టు సొంతది పెట్టింది. మధ్యలో ఇంటర్నెట్ కంపెనీ వాడు పంచే ఫ్లాపీలో ఇంకొకటి. ఒకే పేరు కాబట్టి చివర వచ్చినవాడు ముందున్నవాడి మీద కూర్చుంటాడు. మెయిలు ప్రోగ్రాముకి ఈ సంగతి తెలీదు. పాత మనిషే అనుకుని తలుపు కొడుతుంది, లోపల ఎవరో ఉంటారు.

మన ఊళ్ళో ఇది పెద్ద సమస్య అయింది మాత్రం 1998 నవంబరు తర్వాతే. అప్పటిదాకా ఇంటర్నెట్ అంటే వీఎస్‌ఎన్‌ఎల్, ఇక మాట్లాడేదేముంది. ఆ నెలలో కేంద్రం కొత్త విధానం తెచ్చి ప్రైవేటు కంపెనీలకి తలుపులు తీసింది. (అదే నెల 22న వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. హైదరాబాదుకి అది మామూలు నెల కాదు.) సత్యం ఇన్ఫోవే మొట్టమొదటి ప్రైవేటు కంపెనీగా దిగింది. 1999లో అది నాస్‌డాక్‌కి కూడా వెళ్ళింది. వెనకే భారతీ వాళ్ళ మంత్రా ఆన్‌లైన్, డిష్‌నెట్. 2000 అక్టోబరులో బీఎస్‌ఎన్‌ఎల్ పుట్టి సంచార్‌నెట్ పేరుతో తనూ అమ్మింది. గంటల ప్యాకెట్లు దుకాణాల్లో సీడీతో సహా దొరికేవి. ఎవరి గంటలు చౌకైతే వాళ్ళవి కొనడం. మనవాళ్ళకి చౌక అంటే ఇంక చెప్పాలా! ఒకే కంప్యూటర్లో మూడు కంపెనీల సీడీలు వేసిన ఇళ్ళు బోలెడు.

ఆ రోజుల్లో ఇంటర్నెట్ కంపెనీల సీడీలు కంప్యూటర్లో చేసే పనులు చూడండి. డయల్ చేసే నంబరు మార్చడం వరకూ న్యాయం. దాంతో ఆగేవి కావు. తన కనెక్షన్నే డిఫాల్టు చేసుకుంటుంది. డీఎన్‌ఎస్ సర్వర్లు తనవి రాస్తుంది. బ్రౌజరులో తన ప్రాక్సీ పెడుతుంది. హోమ్ పేజీ తనది. మీకు తెలీకుండా కొత్త మెయిలు ఐడీ ఒకటి అవుట్‌లుక్‌లో తగిలిస్తుంది. అద్దెకు దిగినవాడు మొదటిరోజే ఇంటి తాళాలు మార్చి, గుమ్మానికి తన పేరు పలక కొట్టుకున్నట్టు.

మనదగ్గరే అనుకోకండి. అమెరికాలో ఏఓఎల్ వాళ్ళ 5.0 సాఫ్టువేరు మీద 2000లో వినియోగదారులు కోర్టుకెళ్ళారు. ఇది వేస్తే వేరే కంపెనీ కనెక్షన్ పనిచేయకుండా సెట్టింగులు మార్చేస్తోందన్నది వాళ్ళ ఫిర్యాదు. అక్కడ కోర్టుకి వెళ్ళారు, ఇక్కడ పక్కింటి ఇంజనీరింగ్ కుర్రాణ్ణి పిలిచారు. అంతే తేడా.

ఆ కుర్రాడొచ్చి డీఎన్‌ఎస్ సరిచేసి, కనెక్షన్ సరిచేసి, నెట్ తెప్పించేవాడు. కాఫీ తాగి వెళ్ళేవాడు. సాయంత్రానికి మళ్ళీ కబురు: "మెయిళ్ళు వస్తున్నాయి బాబూ, పోవట్లేదు". ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే లక్షణం ఇదే. అదే ప్రోగ్రాము, అదే లైను. రావడానికి లేని అడ్డం పోవడానికి ఎందుకు?

పోస్టాఫీసు పెట్టి చెప్తాను. పోస్టాఫీసులో మీకో పోస్టు బాక్సు ఉంటే, అందులో ఉత్తరాలు తీసుకోడానికి తాళంచెవి కావాలి. ఎక్కణ్ణుంచి వచ్చారన్నది అనవసరం, తాళంచెవి ఉంటే చాలు. మెయిలు తెచ్చే పీఓపీ ప్రోటోకాల్ అలాంటిది. పాస్‌వర్డు అడుగుతుంది, ఇస్తే ఉత్తరాలిస్తుంది. రోడ్డు మీద ఎర్ర డబ్బా సంగతి వేరు. దాంట్లో ఎవరైనా ఉత్తరం వేయొచ్చు, నువ్వెవరు అని ఎవడూ అడగడు. మెయిలు పంపే ఎస్ఎంటీపీ అలాంటిది. 1982లో జోన్ పోస్టెల్ దాన్ని రాసినప్పుడు నెట్‌వర్కులో ఉన్నవాళ్ళంతా యూనివర్సిటీలూ, పరిశోధనశాలలూ. ఒకరినొకరు అనుమానించే అవసరం లేదు. ఎవరి ఉత్తరమైనా ఏ సర్వరైనా తీసుకుని ముందుకి చేరవేయడం అప్పట్లో మర్యాద.

ఆ మర్యాదని స్పామ్ చంపేసింది. ఎవరో ఊరూపేరూ లేనివాళ్ళు పరాయి ఎర్ర డబ్బాల్లో లారీలకొద్దీ కరపత్రాలు కుమ్మరించడం మొదలుపెట్టారు. దాంతో డబ్బాకి కాపలా పెట్టాల్సొచ్చింది. 1998లో వచ్చిన సెండ్‌మెయిల్ 8.9 నుంచి పరాయివాళ్ళ మెయిలు చేరవేయకపోవడమే డిఫాల్టు అయింది. కానీ ఎర్ర డబ్బాకి పాస్‌వర్డు అడిగే అలవాటు పుట్టుకతో లేదు కదా, మరి తనవాళ్ళెవరో పరాయివాళ్ళెవరో ఎలా తెలియాలి? కంపెనీలు తేలిక దారి పట్టాయి. నా లైను మీద నుంచి వస్తే నావాడు, వేరే లైను మీద నుంచి వస్తే పరాయి. 550, రిలేయింగ్ డినైడ్.

ఇప్పుడు ఆ ఇంట్లో ఏం జరిగిందో అర్థమైంది కదా. పెద్దాయన మెయిలు ఐడీ పాత కంపెనీది. లైను మాత్రం కొత్త సీడీది. ఉత్తరాలు తెచ్చుకోడానికి పాత కంపెనీ పాస్‌వర్డు చూసింది, ఇచ్చింది. పంపడానికి లైను చూసింది, పొమ్మంది. రోజూ అదే మనిషి, అదే పాస్‌వర్డు, అయినా తీసుకునేటప్పుడు ఇంటివాడు, ఇచ్చేటప్పుడు దొంగ.

మందు లేకపోలేదు. 1998 డిసెంబరులో మెయిలు అప్పజెప్పడానికి వేరే పోర్టు 587 ప్రతిపాదించారు. 1999 మార్చిలో ఎస్ఎంటీపీకి పాస్‌వర్డు అడిగే పద్ధతి ప్రమాణంగా వచ్చింది. అయితే కాగితం మీద ప్రమాణం రావడానికీ, కంపెనీల సర్వర్లలో అది అమలవ్వడానికీ మధ్య ఏళ్ళు పట్టింది. ఆ మధ్యకాలంలో చిత్రమైన ఆచారాలు పుట్టాయి. కొన్ని సర్వర్లు, నువ్వు ముందు మెయిళ్ళు తెచ్చుకుంటే ఆ తర్వాత కొన్ని నిమిషాల పాటు పంపడానికి ఒప్పుకునేవి. "ముందు రిసీవ్ కొట్టాలి, తర్వాతే సెండ్ కొట్టాలి" అని కాగితం మీద రాసి మానిటరుకి అంటించుకున్నవాళ్ళున్నారు. బయటివాళ్ళకి అది మూఢనమ్మకంలా కనిపించేది కానీ, దాని వెనక లెక్క కరెక్టే. ఇంకో మార్గం, పంపే సర్వరు చోట కొత్త కంపెనీ సర్వరు పేరు రాయడం. మళ్ళీ పాత లైనుకి మారితే మళ్ళీ మార్చాలి. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో "మై సర్వర్ రిక్వైర్స్ ఆథెంటికేషన్" అనే చిన్న గడి ఉండేది గుర్తుందా? అందులో ఒక టిక్కు పెడితే చాలు, పరాయివాడు ఇంటివాడయ్యేవాడు. సర్వరు ఒప్పుకుంటే.

ఆ ఐడీలు ఎలా ఉండేవో కూడా చెప్పాలి. మన హైదరాబాదు వీఎస్‌ఎన్‌ఎల్ ఐడీ అంటే పేరు, ఎట్, హెచ్‌డీ1 డాట్ వీఎస్‌ఎన్‌ఎల్ డాట్ నెట్ డాట్ ఇన్. హెచ్‌డీ అంటే హైదరాబాదు, 1 అంటే యంత్రం నంబరు. హెచ్‌డీ2 కూడా ఉండేది. అంటే మనిషి చిరునామాలో కంపెనీ పేరూ, ఊరి పేరూ, చివరికి సర్వరు నంబరూ ఉన్నాయి. ఆ మనిషి అందులో ఒక అద్దెదారు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో 2000 ప్రాంతపు తెలుగు పుస్తకాలు తిరగేస్తే వెనక పేజీల్లో రచయితల హెచ్‌డీ1, హెచ్‌డీ2 ఐడీలు కనిపిస్తాయి. ఇంటి అడ్రసుకి ఉత్తరం రాస్తే ఇప్పటికీ ఎవరో ఒకరి చేతికి అందొచ్చు. ఆ మెయిలుకి రాస్తే అందుతుందని నేననుకోను.

ఇక్కడే నాకు ఒక తమాషా కనిపిస్తుంది. సొంత ఇల్లు, సొంత ఫోను, సొంత కంప్యూటరు ఉన్న పెద్దాయన ఐడీ రెండేళ్ళకోసారి మారింది. అశోక్ నగర్‌లో నెలనెలా గది మారే కుర్రాడి ఐడీ మారలేదు. ఎందుకంటే వాడికి కంప్యూటరే లేదు. మెయిన్ రోడ్డు మీద నెట్ సెంటర్లో గంట అద్దెకి కూర్చుని హాట్‌మెయిలో యాహూనో తెరిచేవాడు. 1996 జూలై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ హాట్‌మెయిల్ మొదలుపెట్టినప్పుడు వాళ్ళ ఆలోచన కూడా ఇంటర్నెట్ కంపెనీల నుంచి మెయిలుకి విముక్తి కావాలనే. ఆ పెట్టె పాస్‌వర్డు అడిగేది, లైను అడిగేది కాదు. ఏ సెంటర్లో కూర్చున్నా, ఏ కంపెనీ సీడీ వేసినా వాడి పెట్టె వాడిదే. అలాగని వాడి ఉత్తరాలు మిగిలాయా అంటే అదీ లేదు. హాట్‌మెయిల్ ఇచ్చింది 2 ఎంబీ. నిండితే పాతవి తీసేయాలి. ముప్ఫై రోజులు లాగిన్ కాకపోతే వాళ్ళే తీసేస్తారు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ 1 జీబీ ఇస్తామంటే ఏప్రిల్ ఫూల్ అనుకున్నారంటే ఊరికే కాదు.

పెద్దాయన ఉత్తరాల గతి ఇంకా అన్యాయం. పీఓపీ మామూలుగా చేసే పని, సర్వరు మీద మెయిలు తెచ్చి ఇంటి కంప్యూటర్లో పెట్టి, సర్వరు మీద చెరిపేయడం. అంటే ఆ ఉత్తరం లోకంలో ఒకే ఒక్క చోట ఉంటుంది. సీ డ్రైవులో, ఎవరికీ కనపడని ఫోల్డర్లో, డీబీఎక్స్ అనే ఫైల్లో. మూడు కంపెనీల సీడీలు ఒకదానిమీద ఒకటి పడి విన్‌సాక్ కలగాపులగమయ్యాక, పక్కింటి కుర్రాడి వల్ల కాక, చివరికి రిపేరు షాపు మనిషి వచ్చేవాడు. ఆయన దగ్గర ఉన్నది ఒకటే వైద్యం: "ఫార్మాట్ కొట్టేద్దాం సార్".

మా పెదనాన్నగారింట్లో అదే జరిగింది. 2003. మా అక్క న్యూజెర్సీ వెళ్ళి అప్పటికి నాలుగేళ్ళు. షాపతను ఫొటోలు, వర్డ్ ఫైళ్ళు జాగ్రత్తగానే సీడీలోకి ఎక్కించాడు. మెయిళ్ళు ఎక్కించాలని ఆయన అనుకోలేదు, మెయిళ్ళు ఇంటర్నెట్‌లో ఉంటాయి కదా అని పెదనాన్న అనుకున్నారు. ఫార్మాట్ అయ్యాక నెట్ చక్కగా వచ్చింది. మెయిళ్ళు వచ్చాయి, పోయాయి కూడా. ఇన్‌బాక్సులో మాత్రం ఆరోజు నుంచి వచ్చినవే. అక్క మొదటి ఉద్యోగం, పెళ్ళి చర్చలు, నానమ్మ పోయినప్పుడు రాలేక రాసిన ఉత్తరం, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగులో ఉండేవట. నేను ఒక్కటీ చూడలేదు. అదే ఇంట్లో ట్రంకు పెట్టెలో మా చిన్నతాత 1970ల్లో రాసిన ఇన్‌లాండ్ లెటర్లు ఇప్పటికీ ఉన్నాయి. మడత దగ్గర చిరిగాయి గానీ చదువుకోవచ్చు.

ఇలా ఎన్ని ఇళ్ళో లెక్క చెప్పలేను కానీ, మీ ఇంట్లో ఓసారి అడిగి చూడండి. 1997కీ 2005కీ మధ్య పిల్లల్ని అమెరికా పంపిన తరం రాసుకున్న మాటలు ఎన్ని మిగిలాయని. ఆ ముందు తరానివి కాగితం మీద ఉన్నాయి, తర్వాతివి క్లౌడ్‌లో ఉన్నాయి. మధ్యలో ఓ ఎనిమిదేళ్ళు పెద్ద చిల్లు.

2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండు, కాస్త అటూఇటూగా గల్లీ గల్లీకీ కేబుల్ ఇంటర్నెట్ వచ్చాక సీడీల రాజ్యం మెల్లగా అంతరించింది. ఎక్స్‌పీలోనే పీపీపీఓఈ ఉండేది, తర్వాత ఆ పని కూడా రౌటరు తీసుకుంది. కంపెనీ వాడికి మన కంప్యూటర్లోకి వచ్చే పనే లేకుండా పోయింది. అంతలో మెయిలూ బ్రౌజర్లోకి వెళ్ళిపోయింది.

ఐతే కథ ముగిసిందా? నాకైతే ఇంటి యజమాని మారాడనిపిస్తుంది. 2022 మే 30 నుంచి గూగుల్ ఉత్త పాస్‌వర్డుతో లాగిన్ అయ్యే పాత ప్రోగ్రాములని ఆపేసినప్పుడు, భద్రతకి అది అవసరమే అయినా, ఎన్నో ఇళ్ళల్లో మళ్ళీ అదే మాట వినపడింది: నిన్నటిదాకా వచ్చిన మెయిలు ఇవాళ రావట్లేదు. 2024 చివర్లో మైక్రోసాఫ్టు విండోస్ మెయిల్ యాప్‌కి మంగళం పాడినప్పుడూ అంతే. ఫోను నంబరు మనతో తీసుకెళ్ళే హక్కు 2011 జనవరిలో దేశమంతా వచ్చింది. మెయిలు ఐడీకి అలాంటి హక్కు లేదు. ఇవాళ బ్యాంకూ, ఇన్‌కంటాక్సూ, పిల్లల స్కూలూ అన్నీ ఆ ఐడీ మీదే వేలాడుతున్నాయి, అది మాత్రం ఇంకా అద్దె కొంపే.

మనం ఈ రంగంలో ఉన్నవాళ్ళం కాబట్టి చేయగలిగినవి రెండున్నాయి. ఏడాదికోసారి ఇంట్లోవాళ్ళ మెయిళ్ళు డౌన్‌లోడ్ చేసి పక్కన పెట్టడం ఒకటి. రెండోది, ఈ సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అటకెక్కండి. పాత కంప్యూటరు డబ్బా ఉంటే పాత సామాన్ల వాడికి వేసేముందు హార్డ్ డిస్కు విప్పండి. దాన్ని యూఎస్‌బీకి తగిలించే కేబుల్ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో అడిగితే దొరుకుతుంది, పెద్ద ఖర్చేం కాదు. డాట్ డీబీఎక్స్ అని వెతకండి. ఆ ఫైళ్ళని విప్పే ఉచిత ప్రోగ్రాములున్నాయి. యుడోరా అయితే ఇంకా తేలిక, మామూలు టెక్స్టే. పాత కంపెనీ సర్వరు లేకపోయినా, లైను లేకపోయినా ఆ ఫైలు తెరుచుకుంటుంది. మా పెదనాన్నగారి డిస్కులో ఏమీ మిగల్లేదు. మీ ఇంట్లో ఫార్మాట్ కొట్టకుండా వదిలేసిన డిస్కు ఉండొచ్చు. చూడండి.